ముందా, ఎనకా? రంగంలో రెండు మంచు మిషన్లు

మా రంగంలో, అంటే రంగూన్‌లో, లైంగ్‌థార్యార్ పేటలో ట్రాక్టర్ల షెడ్డు నడుపుతున్న కుర్రాళ్లు కొందరు ఆదివారం పూట సంచౌంగ్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, మా ఆవిడ వేసిన గారెలు తింటారు, ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటపెడతారు. ఎవరో చిన్న ట్రాక్టరు కొన్నారు. దానికి మట్టి తోసే పలకో, చెత్త ఊడ్చే బ్రష్షో బిగించాలి. ముందు బిగించాలా, వెనక బిగించాలా? నేను నోరు విప్పేలోగా వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంటుంది.

"ఆయన్ని అడగడవెందుకు బావూ. ఆయన మెడ సూడండి, అదే సెప్తాది."

నా మెడ కొంచెం కుడివైపుకి తిరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి ట్రాక్టరు మీద కూర్చుని వెనక్కి చూస్తూ పనిచేసిన మెడ అది. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేవాళ్లు ఇప్పటికీ "తాతా, ఇటు సూడు" అంటారు. నేను ఇటే చూస్తున్నానని వాళ్లకి తెలీదు.

ఆ కుర్రాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి చెప్పుకోడానికి చాలవు, రానివి చెప్పుకుంటూ పోతే కాగితం చాలదు. ముందా వెనకా అన్న ప్రశ్నకి నాకు జవాబు ఎలా దొరికిందో మాత్రం రాస్తాను. అది పుస్తకంలో దొరకలేదు. ఒక ఊక గుట్టలో దొరికింది.

మా షెడ్డు, మా మనుషులు

మా నాన్న చిమిండైంగ్ జెట్టీలో బస్తాలు మోశాడు. నాకు ఆయన భుజాలు రాలేదు, అందుకని స్పానరు పట్టుకున్నాను. సంచౌంగ్ దాటాక, పాత గోడౌన్ల వెనక, సర్కారు వారి మరమ్మతు షెడ్డు ఒకటి ఉండేది. పొలాల్లో పాడైన ట్రాక్టర్లు, నీళ్ల పంపులు అక్కడికి చావడానికి వచ్చేవి. మేం చావనిచ్చేవాళ్లం కాదు. దేశం తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. బయటి నుంచి ఒక బేరింగు రావాలన్నా ఏళ్లు పట్టేది. ఇంజను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు పాత చెప్పుల తోలుతో కోసుకునేవాళ్లం. అందుకేనేమో, మా చేతుల్లో పడ్డ ఇంజను నడుస్తుంటే కొంచెం సైకిలు షాపు వాసన వచ్చేది.

షెడ్డులో నాకు పని నేర్పినవాడు గురన్న మావ. వరసకే మావ, చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి రంగం వచ్చిన కుటుంబాలు ఏదో ఒక వరస కలుపుకోకుండా ఉండలేవు. గురన్న మావ ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. సగం సార్లు తప్పే చెప్పేవాడు. కాని ఎంత గట్టిగా చెప్పేవాడంటే, ఆయన్ని చూసి ఇంజనే తన జబ్బు మార్చుకుందేమో అనిపించేది.

మా ఫోర్‌మన్ ఊ తేన్, బర్మా ఆయన. మేం సయా అని పిలిచేవాళ్లం, అంటే గురువుగారన్నమాట. సయా దేనికీ ఔననడు, కాదనడు. సెలవు అడిగినా చూద్దాం, నట్టు అడిగినా చూద్దాం. పైవాళ్ల సంతకం లేకుండా షెడ్డులో ఈగ కూడా వాలకూడదని ఆయన నమ్మకం. ఇలాంటి పై అధికారి దొరికితే కొత్తవాళ్లు విసుక్కుంటారు. నేనూ విసుక్కునేవాణ్ణి. మనిషిని ఒకే మాటతో కొలిచెయ్యకూడదని తర్వాత తెలిసింది.

తెల్లటి బొమ్మలు

ఒకసారి ఏదో చలిదేశం సాయం కింద చిన్న ట్రాక్టరు ఒకటి పంపింది. మంగలి కుర్చీకి చక్రాలు పెట్టినంత ఉంటుంది, కాని మంచి బలమైనది. ఎక్కడో ఆఫీసులో ఎవరో పెద్దమనిషి, దానితో పాటు వచ్చే సరంజామా మొత్తం కావాలని చెప్పేశాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఎందుకని కాబోలు. అలా రెండు పెద్ద చెక్కపెట్టెలు మా షెడ్డుకి దిగాయి.

పెట్టెలు విప్పితే నోళ్లు తెరుచుకున్న రెండు ఎర్రటి యంత్రాలు బయటపడ్డాయి. నోట్లో మర తిరిగిన పెద్ద బ్లేడు, దాని వెనక ఫ్యాను, నెత్తి మీద ఎటు కావాలంటే అటు తిరిగే గొట్టం. ఒకటి ట్రాక్టరు మూతికి తగిలించేది, రెండోది తోకకి తగిలించేది. దేన్నో మింగి, గొట్టంలోంచి దూరంగా ఉమ్ముతాయని అర్థమైంది. దేన్ని మింగుతాయో అర్థం కాలేదు. వాటితో వచ్చిన పుస్తకం మాకెవరికీ రాని భాషలో ఉంది. బొమ్మల్లో ఒక మనిషి తలకి టోపీ, మెడకి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు, గొట్టంలోంచి తెల్లటిదేదో ఎగిరి పడుతోంది.

"ఉప్పు," అన్నాడు గురన్న మావ. "ఉప్పు కొటార్లలో వాడతారు. సూడు, సొక్కా బొత్తాలన్నీ ఎట్టీసుకున్నాడు, ఉప్పు లోపలికి పోకుండాను."

సయా సున్నం అన్నాడు. నేను పత్తి అన్నాను. కొన్నాళ్లు భోజనాల వేళ ఇదే గొడవ. చివరికి కుర్రతనంలో ఓడల్లో బొగ్గు వేసిన రామినాయుడు తాత ఏదో పని మీద షెడ్డుకి వచ్చి బొమ్మ చూసి నవ్వాడు.

"ఒరే, అది మంచురా. మంచుని ఇసిరీసే మిషను."

మాకు తెలిసిన మంచు ఒకటే. చలికాలం పొద్దున నది మీద కమ్ముకుని, ఎండ రాగానే పోయేది. దాన్ని విసరడం ఏమిటి?

"మంచుని మిషనెట్టి ఇసరడవేటి తాతా," అన్నాడు గురన్న మావ. "ఎండొస్తే అదే పోతాది కదేటి."

"ఈ మంచు కాదురా ఎర్రోడా. ఇది మోకాలు దాకా పడతాది. పారతో తియ్యాల."

"మోకాలి దాకా మంచు. తాతా, నువు సూసినప్పుడు మెలకువగానే ఉన్నావేటి?"

పోనీ సయాకి బర్మా భాషలో చెబుదామంటే అక్కడా అదే తంటా. వాళ్ల 'నిన్' అనే మాటకి కూడా పొగమంచు, గడ్డి మీద మంచు, కొండల మీద మంచు అన్నీ అర్థాలే. పొగమంచును తవ్వి అవతల పోసే యంత్రం అని నా నోట విని సయా బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చాడు. తర్వాత "చూద్దాం" అన్నాడు.

రెండూ బిగించి చూశాం

విడిభాగాలు రాక పని ఆగిపోయిన రోజుల్లో రెండు మిషన్లనూ మార్చి మార్చి బిగించి చూశాం. మంచు లేకపోయినా బోల్టులు ఉన్నాయి కదా.

ముందుది బిగించాలంటే ట్రాక్టరు పొట్ట కింద పడుకోవాలి. అక్కడ ఒక ఇనుప చట్రం కట్టాలి. ఇంజను బలం పొట్ట కింద షాఫ్టులోంచి మూతిదాకా వచ్చి, అక్కడ బెల్టుల మీదుగా బ్లేడుకి చేరాలి. ఒక పగలు పోతుంది, వేళ్ల మీద తోలు పోతుంది. మూతి బరువెక్కి స్టీరింగు మొండికేస్తుంది. వెనకది అలా కాదు. ట్రాక్టరుని దాని దగ్గరికి రివర్సు చేసి, వెనకున్న మూడు ఇనుప చేతులూ తగిలించి, షాఫ్టు గుచ్చితే అయిపోతుంది. కప్పులో టీ చల్లారేలోగా బిగించేవాళ్లం. ఇంజను బలం తిన్నగా వస్తుంది, మధ్యలో బెల్టులు తినేది ఏమీ ఉండదు.

మరి వెనకదానితో కష్టం ఏమిటంటే, పనంతా రివర్సులోనే. కూర్చున్నవాడు మెడ తిప్పి వెనక్కి చూస్తూ నడపాలి.

గురన్న మావకి ముందుదంటే ప్రాణం. "పని కళ్లెదురుగుండా ఉండాల. ఎనక్కి సూసుకుంటా దున్నినోడు ఎవుడేనా ఉన్నాడేటి?" అనేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. జనం తిరిగే చోట, పిల్లలు అడ్డం వచ్చే చోట ముందుదే మేలు. ఎవరు ఎదురుగా ఉన్నారో కనిపిస్తుంది. నేను మాత్రం వెనకదాని పక్షం. బెల్టు తెగితే బెల్టు దొరకని దేశంలో, బెల్టు లేని మిషనే మంచిది. నా జవాబుకి అప్పట్లో ఉన్న కారణం అదొక్కటే. అంతకంటే పెద్ద కారణం ఒకటుందని మా ఇద్దరికీ తెలీదు.

ఇక్కడ మెత్తని బోల్టు గురించి చెప్పాలి. ఈ మిషన్ల బ్లేడు షాఫ్టుకి ఒక మెత్తని బోల్టు ఉంటుంది. నోట్లో రాయి పడితే అది విరిగిపోతుంది, గేరుబాక్సు బతుకుతుంది. విరగడమే దాని ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి నాసిరకం సరుకనుకుని గట్టి బోల్టు వేసేస్తారు. అప్పుడు రాయి పడితే బోల్టు నవ్వుతూ ఉంటుంది, గేరుబాక్సు ముక్కలవుతుంది. మేం పాత కుళాయిల ఇత్తడితో ఆ బోల్టులు చేసుకున్నాం. గురన్న మావ కొన్ని ఎప్పుడూ చొక్కా జేబులో వేసుకు తిరిగేవాడు, బీడీల పక్కన. ఒకసారి బీడీ అనుకుని బోల్టు నోట్లో పెట్టుకున్నాడు కూడా.

సీతమ్మ అప్ప ఊక

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వానాకాలంలో సర్కారు మీద తిరగబడి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, రోడ్లకి అడ్డంగా చెట్లూ డ్రమ్ములూ పడ్డాయి. ఆశ ఉండేది, భయం కూడా ఉండేది. ఆ కథ చెప్పడానికి నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. నేను ఊక సంగతే చెప్తాను.

చిమిండైంగ్‌లో నది ఒడ్డున సీతమ్మ అప్పకి చిన్న బియ్యం మిల్లు ఉండేది. భర్త పోయాక ఆవిడే నడుపుకుంటోంది. బర్మా వాళ్లు దా సీతా, అంటే సీతగారు, అనేవారు. మాకు అప్ప, అక్క వరస. మిల్లాడితే బియ్యం ఒకవైపు, ఊక ఇంకోవైపు వస్తాయి. ఆ ఊకని ఇటుక బట్టీల వాళ్లు పడవల్లో పట్టుకుపోయేవారు. సమ్మెలతో పడవలు రావడం మానేశాయి. ఊక పెరట్లో గుట్టయింది, గుట్ట పెరిగి పెరిగి ఊక వచ్చే గొట్టాన్నే మూసేసింది. మిల్లు ఆగిపోయింది. ఉన్న కొద్దిమంది పారలు పట్టారు, కాని కింద తీస్తుంటే పైనుంచి జారేది, తీసినదాన్ని గోడ అవతలి పల్లానికి ఎత్తి పొయ్యడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

ఒకరోజు పొద్దున్నే అప్ప గొడుగు వేసుకుని మా షెడ్డుకి నడిచొచ్చింది. పని లేకపోయినా కాపలాకి మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.

"ధాన్నెం ఉన్నాది, ఇంజను బాగున్నాది. ఊక పోడానికి దారి నేదు," అంది. "జనం గేటు కాడ నిలబడి, దా సీతా ధాన్నెం దాసీసినాది అంతన్నారు. పున్నమి నాటికి బియ్యం పోస్తానని మాటిచ్చీసినాను. పొయ్యకపోతే గొడౌను తలుపులు ఇరగ్గొడతారు. ఇరగ్గొడితే ఆళ్లకి మాత్రం ఏటి దొరుకుతాది? వడ్లే కదా. నమల్లేరు కదా." గొడుగు మూసి, "మీ కాడ ఏదో ఇసిరీసే మిషను ఉన్నాదంట," అంది.

ఆ మాట ఎవరు మోసుకెళ్లారో గాని, నేను లేచి నిలబడ్డాను. ఉప్పు కాదు, సున్నం కాదు, పత్తి కాదు. మా ఊళ్లో మోకాలు దాటి పడే తెల్లటిది కాకపోయినా పచ్చటిది ఒకటుంది, అది ఊక. ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

అంతా సయా వైపు చూశాం. ట్రాక్టరు సర్కారుది. బయటికి కదలాలంటే పైనుంచి అనుమతి కావాలి. పైన ఎవరూ లేరు. ఇక సయా చూద్దాం అంటాడనే అనుకున్నాను. ఆయన లుంగీ మడతలోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"అడగడానికి పైన ఎవరూ లేరు," అన్నాడు బర్మాలో. "అంటే ఇవాళ పై అధికారిని నేనే కాబోలు."

ఆ మాట అన్నాక ఆయనే కొంచెం ఉలిక్కిపడ్డాడు. నా ఉద్యోగంలో చాలామంది పై అధికారుల్ని చూశాను. సంతకాలు చకచకా పెట్టేవాళ్లని, బల్ల గుద్ది మాట్లాడేవాళ్లని చూశాను. వాళ్లెవరికీ ఇవ్వని గౌరవం ఆ తాళంచెవికి ఇస్తాను.

ముందు బిగించండి

ఇక నేనూ గురన్న మావా మా పాత గొడవ మొదలుపెట్టాం. ఆయన ముందుది అంటాడు, నేను వెనకది అంటాను. బెల్టులు అంటాను నేను. మెడ అంటాడు ఆయన. అప్ప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. గొడుగు నేలకేసి కొట్టింది.

"ముందు బిగించండి బావూ. ఎనక సంగతి ఎనక సూసుకుందారి."

గురన్న మావ మొహం వెలిగిపోయింది. "ఇన్నావా అల్లుడా? మిల్లు గలావిడే ముందన్నాది."

ఊక ఆవిడది, మిల్లు ఆవిడది. నేను నోరు మూసుకుని ట్రాక్టరు పొట్ట కిందకి దూరాను. ఆ రోజంతా దానికే సరిపోయింది.

మర్నాడు పొద్దున్న ముందు మిషనుతో చిమిండైంగ్ చేరాం. గేటు దగ్గర జనం నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కో లా అనే జెట్టీ కూలీ. భారీ మనిషి, చేతిలో గునపం. దాన్ని తీసుకొచ్చింది దేనికో అడగక్కర్లేదు. అప్ప గేటుకి అడ్డంగా నిలబడింది. ఆవిడ భుజం కో లా మోచేతి దాకా వస్తుంది.

గురన్న మావే నడిపాడు. పైన వానకి తడిసిన ఊక భలే ఎగిరింది. గొట్టంలోంచి వంపు తిరిగి గోడ దాటి అవతల పల్లంలో పడుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూశారు. పిల్లలు కేకలేశారు. గురన్న మావ పెళ్లికొడుకులా కూర్చున్నాడు. తడి పొర దాటి లోపలి పొడి ఊక తగిలేసరికి కథ మారింది. నది మీంచి గాలి కొట్టి ఎగిరిన ఊకంతా వెనక్కి వచ్చింది. ట్రాక్టరు మూతిలోనే రేడియేటరు ఉంటుంది, మిషను దాని ముక్కు కిందే ఉంది. ఊక పోయి రేడియేటరు జల్లెడకి బొంతలా పట్టేసింది. ఇంజను వేడెక్కింది, మూతలోంచి ఆవిరి లేచింది, ఆగిపోయింది.

దులిపాం, నీళ్లు పోశాం, మళ్లీ వేశాం. మళ్లీ ఆగింది. నాకు కావలసిన పెద్ద కారణం అప్పుడు కళ్లారా కనిపించింది. ఎగిరే సరుకు దగ్గర ఇంజను ముక్కు పెట్టకూడదు. చలిదేశంలో ముక్కులోకి మంచు పోతే ఇంజను ఇంకా చల్లగా ఉంటుంది. మన దగ్గర ఊక పోతే ఊపిరాడదు.

గేటు దగ్గర సందడి ఆగిపోయింది. కో లా గునపం ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"రెండోది తెచ్చుంటే ఈ గొడవ ఉండేది కాదప్పా," అన్నాను.

"మరి ఎందుకు తేనేదు?"

"నువ్వే కదప్పా ముందుది బిగించమన్నావు."

"నానా? నానెప్పుడన్నాను?"

"ముందు బిగించండి, ఎనక సంగతి ఎనక సూద్దాం అన్నావు కదా."

అప్ప కొంగు నడుముకి దోపింది. "ముందు బిగించండీ అంటే, ముందు బిగించండని. ఆ తగువు ఎనక పడండని. మీ ముందేటో, మీ ఎనకేటో, నాకేటి తెలుసు?"

గురన్న మావ ఊక పట్టిన కనురెప్పలు ఆర్పాడు. "ముందంటే ముందే కదప్పా," అన్నాడు, కాని ఈసారి గట్టిగా అనలేకపోయాడు.

నాకు నవ్వు ఆగలేదు. అంత భయంలోనూ ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని కో లా గద్దించాడు. బర్మాలో వివరంగా చెప్పాను. వాళ్లకి వెనక అన్నా తర్వాత అన్నా ఒకటే మాట గాని, ఎదర అన్నదానికీ మొదట అన్నదానికీ వేరు వేరు మాటలు. అందుకని సగం హాస్యం దారిలోనే పోయింది. ఆయన కూడా సగమే నవ్వాడు. ఆ సగం మాకు చాలింది.

"రెండో మిషను నిజంగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"అయితే నేనూ వస్తాను. మిషను లేకపోతే నాకు తెలిసిపోతుంది."

బియ్యం తీసే యంత్రం

మావని ముందుది విప్పమని చెప్పి, సయా, నేను, కో లా తోపుడు బండి తీసుకుని బయల్దేరాం. వాన. షెడ్డులో మిషను చూడగానే కో లా గునపం పక్కన పెట్టాడు. వంగి ఒక అంచు పట్టుకున్నాడు. మేమిద్దరం రెండో అంచు పట్టుకున్నాం. బరువంతా ఆయన వైపే ఉందని ముగ్గురికీ తెలుసు.

తిరిగి వస్తుంటే సంచౌంగ్‌లో రోడ్డుకి అడ్డం పెట్టిన డ్రమ్ముల దగ్గర కుర్రాళ్లు ఆపారు. బండి మీద ఎర్రటి నోరు, అందులో పళ్ల బ్లేడు. వాళ్ల అనుమానం వాళ్లది.

"ఏమిటిది? ఆయుధమా?"

అబద్ధం ఆడటం రాని సయా ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇది నిన్ తీసే యంత్రం."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వానాకాలంలో, మిట్టమధ్యాహ్నం, పొగమంచు తీస్తానంటున్న పెద్దమనిషిని ఏం చెయ్యాలో వాళ్లకి తోచలేదు. ఒకడు కర్ర పైకెత్తాడు. అప్పుడు కో లా బండి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బియ్యం తీసే యంత్రం," అన్నాడు. "చిమిండైంగ్‌లో దా సీతా మిల్లుకి. దారివ్వండి."

పొద్దున ఆ మిల్లు తలుపులు బద్దలుకొడదామని వచ్చిన మనిషి ఆయన. డ్రమ్ములు పక్కకి దొర్లాయి. ఇద్దరు కుర్రాళ్లు మిల్లు దాకా బండి తోసి పెట్టారు.

వెనక మిషను తగిలించడం ఎంతోసేపు పట్టలేదు. ఈసారి నేను ఎక్కాను. ట్రాక్టరు మూతి గేటు వైపు, తోక ఊక వైపు. మెడ తిప్పి, రివర్సు గేరు వేసి, గుట్టలోకి పోనిచ్చాను. బ్లేడు ముందే దారి తీసేస్తుంది కాబట్టి టైర్లు శుభ్రమైన నేల మీదే నడిచాయి. పొట్టు నా కళ్లలో పడింది, చెవుల్లో పడింది, నోట్లో పడింది. రేడియేటరులో మాత్రం పడలేదు. మధ్యలో ఒకసారి గుట్టలో పూడుకుపోయిన ఇటుక నోట్లో పడి టక్కుమంది. గురన్న మావ జేబులోంచి ఇత్తడి బోల్టు తీసి, విరిగినదాని చోట వేసి, నా తొడ మీద తట్టాడు. ఆయన ఓటమి ఒప్పుకున్న తీరు అదే. అంతకంటే పెద్దమనిషి తరహాగా ఓడిపోయినవాణ్ణి నేను చూడలేదు.

పొద్దు వాలకముందే ఊక గొట్టం నోరు బయటపడింది. అప్ప వెళ్లి దాన్ని చీపురుతో ఊడ్చింది, గుడి గుమ్మం ఊడ్చినట్టు. మిల్లు కదిలింది. ఆ చప్పుడు వినగానే గేటు దగ్గర ఎవరో ఏడ్చారు.

కుర్రాళ్లకి నేను చెప్పేది

కాబట్టి బాబూ, ఎగిరే సరుకైతే, దుమ్మైతే, పొట్టైతే మిషను వెనకే బిగించండి. మెడ నొప్పికి మందులున్నాయి, కాలిపోయిన ఇంజనుకి లేవు. బరువు తోసే పనైతే, మనుషులు మసిలే చోటైతే ముందు బిగించండి. బోల్టు మెత్తగా ఉంటే దాని జోలికి పోకండి. ఇక మన తెలుగువాళ్లు ఎవరైనా వచ్చి ముందు బిగించు అంటే, వెంటనే స్పానరు తియ్యకండి. లేచి వెళ్లి ట్రాక్టరు మూతి మీద చెయ్యేసి "ఇక్కడా?" అని అడగండి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న గొప్ప సాంకేతిక సూత్రం అదే.

పున్నమి నాడు అప్ప మిల్లు గుమ్మంలో బియ్యం డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. జనం వరసలో నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. కో లా గునపం గోడకి ఆనించి వరస సరిచేస్తున్నాడు. ఎవరైనా మధ్యలో దూరబోతే కళ్లతోనే వెనక్కి పంపాడు. మా ఇళ్లలోనూ బియ్యం నిండుకున్నాయి. మిషను తెచ్చినవాళ్లం కదా అన్న ధైర్యంతో గురన్న మావ లుంగీ దులుపుకుని తిన్నగా అప్ప దగ్గరికి వెళ్లాడు, నేను ఆయన నీడలా వెళ్లాను. అప్ప తలెత్తింది.

"మీరిద్దరూ ఎనక," అంది.

గురన్న మావ చేతులు కట్టుకున్నాడు. "ఎనకంటే ఏ ఎనకప్పా? వరస ఎనకా, ట్రాక్టరు ఎనకా? ముందే తేల్చీసుకుంటే మంచిది."

అన్ని రోజుల్లో అప్ప నవ్వడం అదే మొదటిసారి చూశాను. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రెండూను," అంది.

సరే అని ట్రాక్టరు వెనక, ఆ ఎర్రటి మిషను నోటి అంచు మీద కూర్చున్నాం. సయా కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు, అడగకుండానే. జనం ఒక్కొక్కరే సంచి పట్టుకుని గేటు దాటి పోతుంటే చూస్తూ ఉన్నాం. ముసలివాళ్లు పోయారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు పోయారు, డ్రమ్ముల దగ్గరి కుర్రాళ్లు పోయారు, గునపం భుజాన వేసుకుని కో లా పోయాడు. అప్పటికి డబ్బా అడుగు గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గురన్న మావ నా వైపు చూశాడు, నేను సయా వైపు చూశాను. సయా "చూద్దాం" అన్నాడు.

అప్ప మమ్మల్ని పిలిచింది. డబ్బా మా సంచుల్లోకి వంచి, అడుగున అంటుకున్న నూకలు కూడా రాలేదాకా అరచేత్తో తట్టింది. వరసలో ఆఖరివాళ్లం మేమే. బియ్యం మా దాకా వచ్చాయి.